ఎస్తేరమ్మకు తెరుచుకోని తలుపు

యూనుస్ రగిలిపోతూ దర్గా వాకిట్లోకి వచ్చాడు.

"హజ్రత్, మన నర్సు ఎస్తేరమ్మను బయట నిలబెట్టేశాం!"

దర్గా గురువు ఫజ్లుల్లా షా మధ్యాహ్నం వంటకు ఉల్లిపాయలు తరుగుతున్నారు. తల ఎత్తలేదు.

ఆ దర్గాకు ఆనుకొని చిన్న కుష్ఠు ఆసుపత్రి ఉంది. దాని కంప్యూటర్లన్నీ చూసేది ఆయన శిష్యుడు యూనుసే. పల్లెల్లో తిరిగే నర్సులు ఉన్నచోటి నుంచే వాటిలోని రోగుల వివరాలు చూసుకుంటారు. హజ్రత్ చెప్పినట్టు యూనుస్ ఆ కంప్యూటర్లలో మనుషుల్ని ఒక గుంపు చేశాడు, యంత్రాల్ని మరో గుంపు చేశాడు. నర్సు మన గుంపులో ఉండాలి. ఆమె వాడేది ఆసుపత్రి ఇచ్చిన యంత్రమే కావాలి. రెండూ కుదిరితేనే లోపలికి దారి.

పిడుగు పడి ఎస్తేరమ్మ లాప్‌టాప్ కాలిపోయింది. ఆమె రాయచోటిలో ఇంటర్నెట్ సెంటరుకు వెళ్లింది. పేరు సరిగ్గానే కొట్టింది, పాస్‌వర్డూ సరిగ్గానే కొట్టింది. తలుపు తెరుచుకోలేదు. ఎవరి మందు మార్చాలో తెలియక, ఎండలో నడిచొచ్చిన రోగుల్ని వెనక్కి పంపేసింది.

"జనం పుండ్లు కడిగి కడిగి ముసలిదైపోయింది ఆ తల్లి. అలాంటి మనిషిని ఒక డబ్బా నువ్వెవరని అడుగుతుందా? అనుమానం మీద కట్టిన ఏ వ్యవస్థా పేదల పక్షాన నిలబడదు హజ్రత్! జ్ఞానానికి కాపలా పెట్టడమే మొదటి దోపిడీ!"

"ఇది ఏ పుస్తకంలోది బేటా?"

"ఎగతాళి చేయకండి! యంత్రాల గుంపు తీసి పారేస్తాను. మనిషిని నమ్మితే చాలు. ఆ మనిషి ఎక్కడ కూర్చుంటే మనకేం?"

"బాగుంది. ఆ గిన్నె ఇలా జరుపు."

గిన్నె విసురుగా జరిపాడు యూనుస్. ఉల్లిపాయ ముక్కలు కింద పడ్డాయి.

"మీరు వద్దన్నా తీసేస్తాను."

"నేనెక్కడ వద్దన్నాను?"

అన్నాల వేళ వాకిలి నిండింది. లారీ డ్రైవర్లు, గాజులమ్మేవాళ్లు, మగ్గాలవాళ్లు, అందరూ ఒకే పంక్తిలో కూర్చున్నారు. యూనుస్ పళ్లు బిగించుకునే వడ్డిస్తున్నాడు. అందరూ తిని లేవగానే ఆ యంత్రాల గుంపు తీసేయాలని అతని చేతులు తహతహలాడుతున్నాయి.

హజ్రత్ పంక్తి మధ్యలో నిలబడ్డారు.

"నాయనలారా, మన యూనుస్ మొన్న హుజ్రాలో నాకొక మాట చెప్పాడు. వాళ్ల నాన్న గురించి..."

యూనుస్ చేతిలోని గరిటె ఆగిపోయింది.

తెల్లవారి నమాజు అయ్యాక శిష్యులు ఒక్కొక్కరే హుజ్రాలోకి, అంటే గురువుగారి చిన్న గదిలోకి, వెళ్తారు. గుండెలో గుచ్చుకున్నది చెప్పుకుంటారు. ఆ మాట ఆ గది గడప దాటదు. దర్గాలో అదే కట్టుబాటు.

"ఏమన్నాడు హజ్రత్? మధ్యలో ఆపేశారేం?" అన్నాడు ఓబులేసు అనే డ్రైవరు, ముద్ద కలుపుతూ. "చెప్పండి, మేమేం పరాయివాళ్లమా?"

యూనుస్ ఒక్క అంగలో వచ్చి గురువు చెయ్యి పట్టుకున్నాడు. అతని మొహం నెత్తుటి రంగులో ఉంది.

"మీరు... మీరిట్లా ఎలా చేస్తారు?"

"నువ్వు నాకే కదా చెప్పావు? నేను మారలేదే. నన్ను నమ్మవా?"

"మిమ్మల్ని కాదు! అది హుజ్రా! ఇది వాకిలి!"

తన గొంతు తనకే వినబడింది. గురువు చెయ్యి వదిలేశాడు.

"ఏం లేదులే ఓబులేసూ. వాళ్ల నాన్న కూడా కోపిష్ఠేనట. తిను," అన్నారు హజ్రత్. పంక్తి నవ్వింది.

యూనుస్ నవ్వలేదు. వడ్డన ముగించి గురువు దగ్గరికి వచ్చాడు. కోపం ఇంకా తగ్గలేదు.

"సరే, యంత్రాల గుంపు తీయను. మరి ఎస్తేరమ్మ? ఎండలో పడి తిరిగి వెళ్లినవాళ్లు? వాళ్లకేం చెబుదాం?"

హజ్రత్ లోపలికి వెళ్లి, ఆసుపత్రి తనకిచ్చిన లాప్‌టాప్ తెచ్చి అతని చేతుల్లో పెట్టారు.

"ఇది ఎస్తేరమ్మకిస్తే మరి మీకు?"

"పక్కనే ఉన్న ఆసుపత్రికి నేను నడిచి వెళ్లలేనా?"

యూనుస్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి కూడా కోపంతోనే.

"తుడుచుకోకు," అన్నారు హజ్రత్. "కోపం చల్లారకముందే రాయచోటి బస్సెక్కు."