నక్క బావ తొక్కిన దారి

తొలకరి వాన దంచికొట్టింది. కొండవాగు పొంగి, మడుగుకు వెళ్ళే పాత దారిని నిలువునా కోసుకుపోయింది. ఆ మడుగు పక్కనే పిల్లలు ఆడుకునే పచ్చిక. అక్కడికి పోలేక అడవిలో ఏ ఇంట చూసినా పిల్లల ఏడుపే.

ఏనుగు పెద్దమ్మ అడవికి పెద్ద. ఒళ్ళు కొండంతైనా మాట వెన్నంత మెత్తన. అందరినీ పిలిచి, "కొత్త దారి వేసుకుందామర్రా. నా ఒక్కదాని మాట మీద వద్దు. పొదల మధ్య ఒక దారి ఉంది, గట్టు కింద ఇంకొకటి ఉంది. మట్టి ఎలాగూ మెత్తగానే ఉంది. ఎవరికి ఏది కావాలో రేపు పొద్దుగూకేలోగా దాని మీద నడవండి. ఏది బాగా నలిగితే అదే మన దారి" అంది.

కౌజుపిట్ట పిల్లల్ని రెక్కల కిందికి లాక్కుంది. గట్టు కిందేగా నక్క బొరియ! తన ఏడుగురు పిల్లలూ గుడ్డు పగిలి నాలుగు రోజులు కాలేదు. రోజూ నీళ్ళకు వాళ్ళను నక్క గుమ్మం ముందునుంచి నడిపించాలా?

నక్క పళ్ళికిలించాడు. "బెంగెందుకు వదినా? మా వాకిట్లోంచి వెళితే నీ పిల్లల్ని పలకరించే భాగ్యం నాకు దక్కుతుంది."

"నీ పలకరింపు తెలుసులే బావా. పోయినేడు మా చెల్లెల్ని పలకరించావు. ఈకలు మిగిలాయి."

మర్నాడు కౌజులూ కుందేళ్ళూ ఉడతలూ పిల్లాజెల్లాతో పొదల దారిన తెగ తిరిగాయి. కానీ ఆ కాళ్ళెంత, బరువెంత! మట్టి నలిగితేనా! నక్క మాత్రం తెల్లారింది మొదలు గట్టు కింద అటూ ఇటూ ఉరికాడు. నాలుక వేలాడేదాకా ఉరికాడు. అడుగు మీద అడుగు పడి అంతా అడుసైంది. ఏ అడుగు ఎవరిదో బ్రహ్మకైనా తెలియదు.

సాయంత్రం పెద్దమ్మ వచ్చి చూసింది. "ఔరా! ఇంతమందికి గట్టు దారే కావాలా?"

"మరే! ఎగబడి నడిచారు పెద్దమ్మా. కళ్ళారా చూశాను" అన్నాడు నక్క, రొప్పుతూ.

కౌజుపిట్ట ఆ రొప్పు విన్నది. పొట్టదాకా అంటిన బురద చూసింది. తల పక్కకి వాల్చి ఒక్క క్షణం ఆలోచించింది.

"అయితే ఇదే వేయించండి పెద్దమ్మా. కానీ ఇంత రద్దీకి ఈ ఇరుకు సందు చాలదు. మీ మందా, అడవిదున్నలూ కూడా ఇటే రావాలిగా. ఆ గట్టు కాస్త తొక్కించి చదును చేస్తే ఎదురెదురుగా వచ్చినా ఒరుసుకోరు."

"మంచిమాట చెప్పావే తల్లీ. మావాళ్ళను ఇప్పుడే పిలుస్తాను" అని పెద్దమ్మ తొండం ఎత్తింది.

"ఆగు పెద్దమ్మా!" నక్క అడ్డం పడ్డాడు. "గట్టు తొక్కితే నా ఇల్లేం కావాలి?"

"ఒక్క ఇంటికోసం ఇంతమందిని ఆపమంటావా నాయనా?"

"ఇంతమంది ఎక్కడమ్మా! నేనొక్కణ్ణే! పొద్దుటినుంచి నేనే తిరిగాను. కావాలంటే నా కాళ్ళు చూడు!"

కొమ్మల మీద ఉడతలు నవ్వి నవ్వి జారిపడబోయాయి.

"అందుకే అంటారు బావా, అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని" అంది కౌజుపిట్ట.

పెద్దమ్మ పొదల దారి దగ్గరికి వెళ్ళి, మోకాళ్ళ మీద వంగి, మట్టిని దగ్గరగా చూసింది. ముగ్గు గీతల్లాంటి సన్నని జాడలు, ఒకదాని మీద ఒకటి, వందలకొద్దీ. "అయ్యో నా తల్లుల్లారా, ఇన్ని పాదాలా! నిలబడి చూస్తే ఒక్కటీ కనబడలేదే" అని కళ్ళు తుడుచుకుంది.

పొదల దారే ఖాయమైంది. తొక్కే ఓపిక దండిగా ఉందని దాన్ని చదును చేసే పని నక్కకే పడింది. పక్కన పెద్దమ్మ కాపలా. మర్నాడు ఏడు కౌజుపిల్లలు దాని మీదుగా బిలబిలా పచ్చికకు పరుగెత్తాయి. నక్క బావ మాత్రం మడుగు ఒడ్డున కూర్చుని ఇంకా కాళ్ళు కడుక్కుంటూనే ఉన్నాడు.

నీతి: నలుగురికీ దారి వేసేవాళ్ళు తేలికపాటి అడుగుల్ని వంగి చూడాలి.