పొన్నారి హాజరు

అనగనగా, చిరుతపులి అడుగుజాడ కనబడని రోజు లేని ఒక అడవిలో, జంతువుల పిల్లలకు కొండమీద ఒక బడి ఉండెను. చిరుత నడచు బాటలేవో, దానిని తప్పుకొని పోవు బాటలేవో ఆ బడిలోనే నేర్పుదురు. అవి తెలియని పిల్ల ఆ అడవిలో ఒంటరిగా పది దినములైనను బ్రతుకజాలదు.

బడికి గురువు ఒక ముసలి కొండముచ్చు. పిల్లలందరు ఆయనను నెరగడ్డము గురువుగారని పిలిచెడివారు. ఆయన నియమము కఠినమైనది. బండమీద సుద్దతో వ్రాసిన పేర్లను ప్రతి ఉదయము ఒక్కొక్కటిగా చదివెడివారు. పేరు గలవారు గొంతెత్తి, "ఉన్నానండీ!" అనవలెను. పూర్వమొక వేసవిలో ఒక జింకపిల్ల బడినుండియే చిరుత పాలయ్యెను. సాయంకాలము వరకు ఎవరును గమనింపలేదు. నాడు పుట్టినది ఆ నియమము.

ఒకనాడు చీమలు తిని బ్రతుకు ఒక అలుగు తన కూతురిని తోకమీద ఎక్కించుకొని, రెండు కొండలు దాటి వచ్చి, వేసవి పాఠములకని బడిలో దింపి పోయెను. ఆ పిల్ల పేరు పొన్నారి. దాని ఒడలెల్ల గట్టి పొలుసులే.

"ఒరేయ్, సీతాఫలానికి కాళ్ళొచ్చాయిరా!" అని పందిపిల్ల ముట్టెడు అరచెను.

"ఎవరూ కోసుకు తినకండర్రా!" అని ముంగిసపిల్ల చంగి అందుకొనెను.

పిల్లలందరు విరగబడి నవ్విరి. పొన్నారి బంతివలె చుట్టుకొనెను.

హాజరు వేళ గురువుగారు "పొన్నారి!" అని పిలిచిరి. మాట లేదు. మరల పిలిచిరి. పొన్నారి తోకతో రాతిమీద 'టక్, టక్' అని కొట్టెను.

"చప్పుడు కాదు, మాట కావలెను" అని గురువుగారు ఆ పేరు ప్రక్కన ఒక గీత గీసిరి.

మధ్యాహ్నము చంగి మరికొంత ఏడిపింపవలెనని పొన్నారి వెంట మెల్లగా పోయెను. పొన్నారి చీమలపుట్ట చాటున కూర్చుండి, నోరు తెరచుచు మూయుచు ఉండెను. గాలి తప్ప మరేమియు వెలువడుట లేదు. దాని ముందు ఇసుకలో నాటి పాఠమంతయు గోటితో గీసియుండెను. వాగు, మద్దిచెట్టు, చిరుత దాగు పొద, అన్నియు ఉన్నవి. చంగి మరచిపోయిన మలుపు కూడ ఉన్నది.

"నీకు మాట రాదా?" అని చంగి అడిగెను.

పొన్నారి తల అడ్డముగా ఊపెను.

"పాఠం మాత్రం నాకంటే బాగా వచ్చు కదే!"

'టక్, టక్' అనెను తోక. ఉదయము నవ్విన నవ్వు తలచుకొని, చంగి ఏడిపింపవచ్చిన మాట మాని, దాని ప్రక్కన కూర్చుండెను.

రెండవనాడు గురువుగారు "పొన్నారి!" అనగానే, చంగి గొంతు మార్చి, "ఉన్నానండీ!" అనెను. పొన్నారి తోక చప్పుడు ఆ కేకలో కలిసిపోయెను. గురువుగారి తోక నిక్కెను.

"ఒకరి పేరునకు వేరొకరు పలుకుటయా! నీవిట్లు పలికిన వేళ ఆ పిల్ల నిజముగా చిరుత నోట నుండిన, నాకెట్లు తెలియును?"

చంగి తల వంచెను. ఆ మాటలో న్యాయము కలదు. గురువుగారు పొన్నారి పేరు ప్రక్కన రెండవ గీత గీసి, "వినుడు. రేపు పలుకని వారి పేరు, అది ఎవరిదైనను సరే, ఈ బండమీద ఉండదు. వారు కొండ దిగి పోవలసినదే" అనిరి.

బడి విడిచిన పిమ్మట చంగి తక్కిన పిల్లలను కూడగట్టెను. "రేపు మనమెవ్వరం పలకొద్దు."

"నీకేమన్నా పిచ్చా? పేరు పోతే మా అమ్మ నా ముట్టె పగలగొడుతుంది" అని ముట్టెడు అనెను.

"నేనా? నోరు మూసుకోవడమా?" అని చిలుకపిల్ల కీరవాణి రెక్కలు కొట్టుకొనెను. "పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చేయలేదే ఆ పని!"

"రాని మాట కోసం పొన్నారి ఎంత అవస్థ పడుతోందో నేను చూశాను. ఒక్క పొద్దు ఓర్చుకోవే" అని చంగి అనెను.

ఎవరును మాట ఇయ్యలేదు. ఎవరి పడక చోటికి వారు పోయిరి.

మూడవనాడు తెల్లవారెను. కొండ దిగువనుండి రంపముతో కొయ్య కోసినట్టి చప్పుడు వినవచ్చెను. అది చిరుత గొంతు! పేరు పోయినవారు దిగవలసిన దారియు అదే.

"చంగి!" అని గురువుగారు పిలిచిరి.

చంగి పలుకలేదు.

"చంగీ!"

మాట లేదు. గురువుగారు అరచేతితో తుడిచిరి. పేరు పోయెను.

"ముట్టెడు!"

ముట్టెడు నోరు తెరచెను. పొన్నారి వంక చూచెను. నోరు మూసెను. ఆ పేరును పోయెను.

"కీరవాణి!"

కీరవాణి ముక్కును రెక్కక్రింద దూర్చుకొనెను. ఒడలెల్ల అదరుచుండెను కాని, సవ్వడి లేదు. ఆ పేరును పోయెను. తక్కిన ఏడు పేర్లును అట్లే పోయెను.

"పొన్నారి..."

'టక్, టక్.'

ఆ నిశ్శబ్దములో ఆ చప్పుడు కొండ అంతటను వినబడెను.

"ఇందరు నా యెదుట కూర్చుండియు, నా బండమీద ఎవ్వరును లేకుండ పోవలసినదేనా?" అని గురువుగారు మెల్లగా అనిరి.

చంగి లేచి నిలిచెను. "గురువుగారూ, తప్పిపోయినవాళ్ళెవరో తెలియాలనే కదండీ మీరు పిలిచేది! పొన్నారి మూడు రోజులూ మీ కళ్ళ ముందే ఉంది. పిలిచినప్పుడల్లా తన తోకతో పలికింది. అది పలుకు కాకపోతే మా పలుకులూ మీకొద్దు."

దిగువ నుండి రంపపు చప్పుడు మరల వచ్చెను. ఈసారి మరింత దగ్గరగా వచ్చెను. గురువుగారు లోయ వంక చూచిరి. పిల్లల వంక చూచిరి. పొన్నారి పేరుమీదికి చేయి చాచిరి.

ఆయన తుడిచినది పేరును కాదు, దాని ప్రక్కనున్న రెండు గీతలను.

"నియమము పెట్టినది పిల్లలను కాపాడుటకు. దానితోనే ఒక పిల్లను చిరుతకు అప్పగింపబోతిని" అని, ఆ పేరు క్రింద తక్కిన పేర్లన్నియు మరల వ్రాసిరి. "ఇకమీదట ఎవరికి చేతనైన తీరున వారు పలుకుడు. వినుట నేను నేర్చుకొందును."

మరల హాజరు పిలువగా, కీరవాణి ఒక్కసారికి బదులు మూడుసార్లు పలికెను.

"సీతాఫలమన్నానని కోపమా?" అని ముట్టెడు పొన్నారి చెవిలో అడిగెను. తోక వాని ముట్టెమీద ఒక్కటి వేసెను. 'టక్!' ఈసారి పొన్నారియు నవ్వెను.

వేసవి ముగిసెను. తల్లి అలుగు వచ్చి, ఎక్కుమని తోక చాచెను. పొన్నారి ఎక్కలేదు. తల్లికి ముందు నడచి, చిరుత దాగు పొదను తప్పించి, చంగి మరచిన ఆ మలుపు దగ్గర ఆగి, వెనుకకు తిరిగి తోకతో కొట్టెను.

'టక్, టక్.'

నీతి: అందరును ఒక్క తీరుననే పలుకవలెనను బడిలో, ఎదుటనున్న బిడ్డయు లేనట్లే యగును. తోడివారి కొఱకు తమ పేరును పణముగా పెట్టగల పిల్లలే అట్టి బడిని నిజమైన బడిగా చేయుదురు.