పని లేని ఏనుగుకు మేత

పండగకు చేతికొచ్చిన డబ్బు పొద్దుగూకేసరికి తగలేసి, మర్నాడు పెన్సిలు కొనడానికి అమ్మ ముందు చేయి చాచే పిల్లలూ! మీకు సిగ్గుగా లేదా? నవ్వకండి. కుదురుగా కూర్చుని ఈ కథ వినండి.

చిత్తడివాగు అడవిలో సింహం, ఏనుగు, ఎలుగుబంటి, ముళ్లపంది, నక్క, అడవిదున్నలు, పందికొక్కులు, కుందేళ్లు ఉండేవి. అడవి మధ్యలో వాగు పారేది. ఏటా వానాకాలంలో అది పొంగి, రెండు ఒడ్డుల బొరియల్లోకీ నీళ్లు తెచ్చేది. అంతకు ముందు ఏడు ముళ్లపంది పిల్ల ఒకటి ఆ వరదలో కొట్టుకుపోయింది.

జంతువులన్నీ తలా కొంత ధాన్యం తెచ్చి పోశాయి. సింహం దాన్ని రెండు సమాన రాశులు చేసింది.

"వానలు రాకముందే రెండు ఒడ్డులకూ కరకట్టలు లేవాలి. తూర్పు కట్ట ఎలుగుబంటి కట్టాలి. పడమటి కట్ట ముళ్లపంది కట్టాలి. ఖర్చుకు చెరో రాశి తీసుకోండి. కట్ట నిలిచినవారికే ఇక మీదట అడవిలో పనులన్నీ ఇస్తాను. కట్ట కూలితే కట్టినవారే ఆ నష్టం భరించాలి" అంది.

ఎలుగుబంటి ఆ రోజే ఏనుగును పనిలో పెట్టుకుంది.

"నేను రోజూ ఉంటాను. పని ఉన్నా లేకున్నా నాకు కడుపునిండా మేత పెట్టాలి" అంది ఏనుగు.

"దానికేం భాగ్యం! రేపు ఇంతకంటే పెద్ద పనులు వస్తాయి. అప్పుడు నా దగ్గర సొంత ఏనుగు ఉండాలిగా!" అంది ఎలుగుబంటి.

పని మొదలుపెట్టిన రోజున అది అడవి అంతటికీ విందు చేసింది. కట్ట మొదట్లో పూల తోరణం కట్టించింది. ఏనుగు నాలుగు రోజుల్లో రాళ్లన్నీ చేరవేసింది. ఆ తర్వాత దానికి పని లేదు. చెట్టు నీడన నిలబడి తినడమే పని. ధాన్యం రాశి రోజురోజుకూ కుంగిపోయింది.

ముళ్లపంది విందు చేయలేదు. ముందు ఒడ్డంతా నడిచి చూసింది. ధాన్యంలో కొంత పక్కకు తీసి, "ఇది ఆపదకు. దీని జోలికి ఎవరూ వెళ్లకూడదు" అని తన పిల్లలకు గట్టిగా చెప్పింది. పందికొక్కులకు మంచి కూలి ఇచ్చి లోతుగా పునాది తవ్వించింది.

నక్క వచ్చి, "అక్కా, వాగు ఇసుక తోలిస్తాను. బంకమట్టి ధరలో సగమిస్తే చాలు" అంది.

"నాకొద్దు తమ్ముడూ. ఇసుక వానకు కొట్టుకుపోతే మళ్లీ మట్టి కొనాలి. అప్పుడు అది చవకెలా అవుతుంది?"

రాళ్లు మోయించే పని రాగానే ముళ్లపంది ఎలుగుబంటి దగ్గరికి వెళ్లింది.

"అన్నా, నీ ఏనుగు ఊరికే నిలబడింది కదా. నాలుగు రోజులు అద్దెకివ్వు. ధాన్యం ఇస్తాను."

ఎలుగుబంటి పొట్ట పట్టుకుని నవ్వింది. "నా ఏనుగు నీ దగ్గర కూలికి రావాలా? ఏనుగును పోషించలేనిదానివి, నీకు కట్ట పని ఎందుకే ముళ్లమ్మా!"

ముళ్లపంది వెనుదిరిగి వచ్చేసింది. అడవిదున్నలను పిలిచింది. అవి రాళ్లు మోశాయి. బంకమట్టిని గట్టిపడేదాకా తొక్కాయి.

తమ పని ముగిశాక దున్నలు, "రేపు కూడా ఉండమంటావా అక్కా?" అని అడిగాయి.

"రేపు మీకు పని లేదు. ఈ కూలి తీసుకుని వెళ్లిరండి. పని ఉంటే నేనే కబురు చేస్తాను" అంది.

దున్నలు వెళ్లాక ఒకచోట కట్ట అడుగున పునాదిలోంచి నీటి ఊట బయటపడింది.

"పైన మట్టి కప్పేద్దాం అక్కా. ఎవరికి తెలుస్తుంది?" అన్నాయి పందికొక్కులు.

"వాగుకు తెలుస్తుంది" అంది ముళ్లపంది. ఆపదకు దాచిన ధాన్యం బయటికి తీసింది. దున్నలను మళ్లీ పిలిచింది. ఊట నీరు పోయేలా కాలువ తీయించి, అక్కడ రాతి పునాది వేయించింది.

తూర్పు ఒడ్డున ఎలుగుబంటికి పునాది తవ్వించడానికి చాలినంత ధాన్యం మిగల్లేదు. మేత అడిగి అడిగి ఏనుగు తన దారిన తాను వెళ్లిపోయింది. ఎలుగుబంటి ఉన్న కాసిని గింజలతో నక్క దగ్గర ఇసుక కొని, రాళ్ల మధ్య పోసి, పైన బంకమట్టి పూసింది. చూసేవాళ్లకు ఆ కట్ట నున్నగా మెరిసేది.

వానలు వచ్చాయి. వాగు ఉరుముతూ పొంగింది. తూర్పు కట్ట ఒక్క పూట కూడా ఆగలేదు. ఇసుక జారింది, రాళ్లు దొర్లాయి, కుందేళ్ల బొరియలు మునిగిపోయాయి. కుందేళ్లు ప్రాణాలు అరచేత పట్టుకుని మిట్టకు పరుగెత్తాయి.

పడమటి కట్టను వాగు గుద్దింది. మళ్లీ గుద్దింది. కట్ట కదల్లేదు. బొరియల్లో ఒక్క చుక్క నీరు దిగలేదు. ముళ్లపంది పిల్లలు కట్టెక్కి, కింద సుడులు తిరిగే నీళ్లను చూస్తూ కేకలు వేశాయి. పందికొక్కులు, దున్నలు గంతులేశాయి. సింహం ఆ వానలోనే వచ్చి, అందరి ముందూ ముళ్లపందికి తల వంచింది.

"ఇక ఈ అడవిలో ఏ కట్టడమైనా నీదేనమ్మా" అంది.

ఆ తర్వాత ఎలుగుబంటి వైపు తిరిగింది. సింహం ఆజ్ఞ ప్రకారం ఎలుగుబంటి తన గుహను కుందేళ్లకు అప్పగించింది. వానాకాలమంతా బండ మీద తడుస్తూ పడుకుంది. వానలు వెలిశాక తూర్పు కట్టను పునాది నుంచి మళ్లీ కట్టింది. ప్రతి రాయినీ తన వీపు మీదే మోసింది. ఆ పనికి దానికి ఎవరూ ఒక్క గింజ ఇవ్వలేదు.

నీతి: గొప్ప కోసం ఖర్చు పెట్టేవాడు అవసరానికి ఖాళీ చేతులతో నిలబడతాడు, అవసరమెరిగి ఖర్చు పెట్టేవాడి కట్టడమే నిలుస్తుంది.