కొర్లయ్య వంతు

అనగా అనగా, మన తాతలకి తాతలు కుర్రాళ్లుగా ఉన్న రోజుల్లో, నడిసముద్రంలో ఓ చిన్న దీవి. జ్వరానికీ దగ్గుకీ ఆకుపసరు నూరిచ్చే ముసలమ్మ ఆ దీవిలోనే ఉండేది. గడ్డలు కోసి తీసే వైద్యుడు మాత్రం లేడు. ఆయన ఏడాదికొక్కసారి ఓడలో వచ్చి, పొద్దు వాలేలోగా వెళ్లిపోయేవాడు.

దీవి చుట్టూ రాళ్లు. ఓడ ఒడ్డుదాకా రాలేకపోయేది. కొర్లయ్య అనే పడవవాడు ఎదురెళ్లి వైద్యుణ్ణి తెచ్చేవాడు, సాయంత్రం మళ్లీ ఓడ ఎక్కించేవాడు. ఈలోగా మొలలోతు నీళ్లలో నిలబడి పడవను పట్టుకునేవాడు. కట్టేసినా, వదిలేసినా అల దాన్ని రాళ్లకేసి కొడుతుంది. దీవికంతటికీ అదొక్కటే పడవ.

ఓ ఏడు కొర్లయ్య మెడ మీద రేగిపండంత గడ్డ లేచింది.

"నువ్వూ వచ్చి వరసలో కూకోరా" అన్నారు జనం.

"పడవొగ్గేసి ఎలా వత్తాను? ముందు మీరు సూపించుకోండి" అన్నాడు.

చూపించుకున్నారు.

మరుసటేడు గడ్డ నిమ్మకాయంత అయింది. "నువ్వూ వచ్చి కూకోరా" అన్నారు. "పడవొగ్గేసి ఎలా వత్తాను?" అన్నాడు. పాపం మంచోడే అనుకుంటూ చూపించుకున్నారు. కాసేపు మేం పట్టుకుంటాం, నువ్వెళ్లు అనడానికి ఒక్కరికీ నోరు రాలేదు. ఇది చెప్పినప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది. ఆ వరసలో మా పెద్దలూ ఉన్నారు.

మూడో ఏడు బత్తాయంత అయింది. ఎవరూ అడక్కుండా తువ్వాలు చుట్టుకున్నాడు. సాయంత్రం వైద్యుణ్ణి తిరిగి తీసుకెళుతుంటే గాలికి తువ్వాలు జారింది.

"ఇదెప్పట్నుంచి?" అన్నాడు వైద్యుడు, అదిరిపడి.

"మూడేళ్లు బాబూ."

"ఏటా ఈ పడవలో మనిద్దరమే కదయ్యా! ఒక్క మాట చెప్పలేకపోయావా?"

"పొద్దున్న అడిగితే వరస దాటినట్టు. సాయంత్రానికి తవరు అలిసిపోతారు."

వైద్యుడు గడ్డ తడిమి చూశాడు. "మొదటి ఏడైతే తీసేసేవాణ్ణి. ఇప్పుడిది నా చేతిలో లేదు" అని కళ్లు తుడుచుకున్నాడు. కొర్లయ్య తెడ్డు ఆపలేదు. ఓడకు వేళయిపోతోందని అతని తొందర.

మళ్లీ ఏడాదికి ఓడ వచ్చింది. కొర్లయ్య లేడు. రాళ్ల మధ్య దారి ఇంకెవరికీ తెలియదు. ఓడ పొద్దు వాలేదాకా చూసి వెళ్లిపోయింది. వరసలో కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఉన్నారు.

ఆ తర్వాత తంటాలుపడి రాళ్ల మధ్య దారి నలుగురూ నేర్చుకున్నారు. ఇప్పటికీ ఆ దీవికి వైద్యుడొస్తే పదిమంది నీళ్లలోకి దిగి పడవ అందుకుంటారు. ఆయన్ని తెచ్చినవాడిదే మొదటి వంతు. నాకేం లేదంటే ఒప్పుకోరు, ఒళ్లంతా చూపించుకోవాల్సిందే. దాన్ని కొర్లయ్య వంతంటారు. అది అయ్యేదాకా ముసలీ ముతకా సహా ఒక్కరూ కూర్చోరు.