కనకాంబ కొన్న పూత

అనగనగా, నీళ్ళే మరకలు పెట్టే ఊరొకటి ఉండేది. దాని పేరు ధవళగిరి. చుట్టూ సున్నపురాతి కొండలు. ఆ కొండల్లో పుట్టిన వాగు నీరు చూడ్డానికి తేటగానే ఉండేది. కానీ ఎక్కడ ఆరితే అక్కడ ఒక తెల్లటి చుక్కను వదిలిపోయేది. ఆ ఊళ్ళో ఏ బిందెలో చెయ్యి పెట్టినా లోపల గరుకుగా సున్నం తగిలేది.

ఆ ధవళగిరిని కువలయాదేవి అనే మహారాణి పాలించేది. ఆమె పుట్టిల్లు సముద్రతీరంలో ఉంది. ఆమె పట్టాభిషేకానికి తండ్రి మూడు నిలువెత్తు గాజు పలకలు పంపాడు. ఓడలో కొన్నాళ్ళు, ఎండుగడ్డి నింపిన బండ్లలో కొన్నాళ్ళు ప్రయాణం చేసి, ఒక్క బీట కూడా లేకుండా అవి చేరాయి. వాటిని రాణిగారి స్నానశాలలో నిలబెట్టారు. పైనుంచి ఇత్తడి జల్లెడలోంచి నీళ్ళు వానలా కురుస్తుంటే, ఆ గాజులోంచి తోట అంతా కనిపించేది. ఆ మరుసటి ఏడే రాణిగారి తండ్రి కాలం చేశాడు. అప్పటినుంచి ఆ పలకలంటే ఆమెకు ప్రాణం.

అంతఃపురం బాధ్యతంతా కనకాంబది. తాళాల గుత్తి ఆమె నడుముకే ఉండేది. ఉప్పు నుంచి పట్టుచీర దాకా ఏది కొనాలో, ఏది వద్దో ఆమే తేల్చేది. పసుపులో పిండి కలిపినా, తేనెలో బెల్లం కలిపినా నాలిక మీద వేసుకోకుండానే పట్టేసేది. "నన్ను మోసం చేసే వర్తకుడు ఇంకా పుట్టలేదు," అని నవ్వుతూ అనేది. ఆ మాట నిజమేనని ఊరంతా నమ్మింది. అందరికన్నా గట్టిగా ఆమే నమ్మింది.

గాజు పలకలు తుడిచే పని నూకాలుది. రాణిగారి స్నానం కాగానే మెత్తటి పాత గుడ్డతో పైనుంచి కిందికి తుడిచి, ఒక్క బొట్టు కూడా లేకుండా ఆరబెట్టేది. పదేళ్ళుగా అదే పని. ఈ మధ్య మాత్రం పలకల పైఅంచున తెల్లటి చుక్కలు కనబడసాగాయి.

"నూకాలూ, నీకు పనిమీద శ్రద్ధ తగ్గింది," అంది కనకాంబ.

నూకాలు ఏదో చెప్పబోయి, తలవంచుకుని ఊరుకుంది.

సరిగ్గా ఆ వారమే చిత్రసేనుడనే వర్తకుడు వచ్చాడు. జరీ తలపాగా, చేతిలో ఒక నీలిరంగు కూజా. అందులో ఉన్నది గాజుకు రాసే పూత అన్నాడు. మూడో పలక మీద అరచేయంత మేర రాసి, చెంబెడు నీళ్ళు చిమ్మాడు. పూత లేని చోట నీళ్ళు చారలుగా అంటుకున్నాయి. పూత ఉన్న చోట ముత్యాల్లా గుండ్రంగా దొర్లి, గబగబా జారిపోయాయి!

చూస్తున్న పరిచారికలందరూ నోళ్ళు తెరిచారు. కనకాంబ కూడా కళ్ళు నులుముకుని మళ్ళీ చూసింది.

"ఇది రాస్తే ఇక జన్మలో మరక పడదమ్మా. తుడిచే పనే ఉండదు," అన్నాడు చిత్రసేనుడు.

కనకాంబ ఇంకేమీ అడగలేదు. కూజా మొత్తం కొనేసింది. మూడు పలకలకూ పూయించింది. ఆ సాయంత్రమే నూకాలును పిలిచి, "రేపటినుంచి ధాన్యపు కొట్టులో చేట పట్టుకో. ఇక్కడ నీతో పనిలేదు," అంది.

నూకాలు పాలిపోయింది. "అమ్మగారూ, నీళ్ళు జారతాయి, నేనూ చూశాను. కానీ ఆఖరున నాలుగు బొట్లు నిలబడిపోతాయి కదా. అవి అక్కడే ఆరితే?"

"నువ్వా నాకు చెప్పేది?" అంది కనకాంబ. నూకాలు గుడ్డ మడిచి మెట్టుమీద పెట్టి వెళ్ళిపోయింది.

పది రోజులు పలకలు ధగధగలాడాయి. కనకాంబ రోజూ వచ్చి చూసి మురిసిపోయేది. ఆ తర్వాత ఆమె పండగ ఏర్పాట్లలో పడి అటు రాలేదు. నెల తిరిగేసరికి రాణిగారి నుంచి కబురొచ్చింది. కనకాంబ స్నానశాలలో అడుగుపెట్టి, గుమ్మంలోనే కొయ్యబారిపోయింది.

తోట కనిపించడం లేదు. మూడు పలకలూ సున్నం కొట్టిన గోడల్లా తెల్లగా ఉన్నాయి.

"కనకాంబా," అంది రాణి, నమ్మలేని గొంతుతో. "ఇవి మా నాన్న పంపిన గాజులేనా?"

కనకాంబ పలక దగ్గరకు వెళ్ళి వేలితో రాసి చూసింది. పూత పూసిన గాజు మీద ఇంత మరక ఎలా పడింది? చిత్రసేనుడి కోసం భటులను పరుగెత్తించింది. అతను ఊరు విడిచి అప్పటికే ఇరవై రోజులయిందట.

తప్పు ఒప్పుకుని అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ మోసపోయానన్న మాట ఆమెకు మింగుడుపడలేదు. ఎవరికీ చెప్పకుండా ఇంకా మంచి పూత కోసం వెతికింది. ధనగుప్తుడనే రెండో వర్తకుడు దొరికాడు. అతని దగ్గర పూతతో పాటు ఒక తాటాకు పత్రం కూడా ఉంది. దాని మీద పెద్ద పెద్ద అక్షరాలు: 'ఏడేళ్ళ పూచీ'.

"ఏడేళ్ళా!" అంది కనకాంబ. ఆమె గుండె తేలికపడింది. పూచీ ఉన్నాక భయమేముంది?

"ముందు పాత మరక పోవాలి," అంటూ ధనగుప్తుడు ఒక జాడీ తీశాడు. మొదటి పలక మీద పుల్లటి ఘాటు వాసన వేసే నీళ్ళు పోశాడు. తెల్లగా నురగ పొంగింది. సున్నం కరిగి కారిపోతుంటే కనకాంబ సంతోషంగా చూస్తూ నిలబడింది. అతను జాడీ పట్టుకుని రెండో పలక వైపు నడిచాడు. ఆమె గుడ్డ తీసుకుని మొదటి పలకను తుడిచింది.

తుడిచి, ఆగిపోయింది. మళ్ళీ తుడిచింది. గోటితో గీకింది.

మరక పోయింది. గాజులో కాంతి కూడా పోయింది. ముసలివాళ్ళ కంట్లో శుక్లంలా పలకంతా మసకబారి ఉంది. ఆ ఘాటు నీళ్ళు సున్నంతో పాటు గాజు పైపొరనూ తినేశాయి!

"ఆగు!" అని అరిచింది కనకాంబ. ధనగుప్తుడు జాడీ కింద పెట్టేశాడు. "ఇదేమిటి? ఏం చేశావు?"

"పాత గాజు కదమ్మా, ఒక్కోసారి అలా అవుతుంది," అని గొణిగాడు.

"పూచీ రాసిచ్చావుగా! దీనికి బదులు చెప్పు!"

"పత్రం తిప్పి చదవండి," అన్నాడతను, మెల్లగా తలుపువైపు జరుగుతూ.

కనకాంబ తాటాకు తిప్పింది. వెనక చీమ తలకాయలంత అక్షరాలున్నాయి. ఆమె వాటిని కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి కూడబలుక్కుంటూ చదివింది. 'ప్రతి స్నానానికీ పొడిగుడ్డతో గాజును తుడిచిన వారికే ఈ పూచీ. సున్నపు నీళ్ళున్న ఊళ్ళకు ఈ పూచీ చెల్లదు. గాజుకు కలిగే నష్టానికి మాకు సంబంధం లేదు.'

సున్నపు నీళ్ళు లేని ఊళ్ళో ఈ పూత ఎవరికి కావాలి? రోజూ తుడిచే మనిషే ఉంటే పూచీ ఎందుకు? ఇంత చిన్న ప్రశ్నలు తనకు ముందే ఎందుకు తోచలేదు?

ధనగుప్తుణ్ణి భటులు పట్టుకుపోయారు. కానీ గాజు తిరిగి రాదు కదా.

కనకాంబ తిన్నగా రాణి దగ్గరకు వెళ్ళి, ఒక్క మాట కూడా దాచకుండా జరిగినదంతా చెప్పింది. రాణి లేచి స్నానశాలకు వచ్చింది. మసకబారిన పలక మీద అరచెయ్యి ఆనించి చాలాసేపు అలాగే నిలబడింది. ఆమె కోప్పడి ఉంటే కనకాంబకు కొంత ఊరటగా ఉండేది.

"నెల రోజులు గడువిస్తున్నాను," అంది రాణి చివరికి. "మిగతా రెండు పలకలనైనా కాపాడు. ఏ పూత కొనాలో, అసలు కొనాలో వద్దో నువ్వే తేల్చు. నీ చేత కాకపోతే తాళాలు నా ముందు పెట్టి వెళ్ళిపో."

కనకాంబ ధాన్యపు కొట్టుకు వెళ్ళింది. ఊక దుమ్ములో కూర్చుని చెరుగుతున్న నూకాలు ఆమెను చూసి గాభరాగా లేచింది.

"కూర్చో నూకాలూ. నిన్ను తిట్టడానికి రాలేదు. ఆ మరక ఎలా పోతుందో నాకు తెలియదు. నీకు తెలుసా?"

అంతఃపురపు పెద్ద నోట 'నాకు తెలియదు' అన్న మాట విని నూకాలు నివ్వెరపోయింది. తర్వాత నెమ్మదిగా అంది: "చింతపండు పులుసు పల్చగా కలిపి, గుడ్డ తడిపి గాజుకు అంటించాలమ్మా. నానాక మంచినీళ్ళతో కడిగి తుడవాలి. తొందరపడితే పోదు. ఓ వారం పడుతుంది."

నూకాలు చెప్పినట్టే ఇద్దరూ కలిసి చేశారు. వారం తిరిగేసరికి రెండు పలకల్లోంచీ తోట మళ్ళీ కనిపించింది.

అప్పుడు కనకాంబ ఊరి చివర అద్దాలు చేసే బసవలింగాన్ని పిలిపించింది. నలభై ఏళ్ళుగా గాజుతోనే బతికిన ముసలాయన. ఈసారి ఆమె వస్తువును చూపించమనలేదు. "తాతా, గాజుకు రాసే పూత నీ దగ్గర ఉందా?" అని అడిగింది.

"ఉంది తల్లీ. కానీ ఇవాళ కొనకండి."

పరిచారికలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సరుకు ఉంచుకుని కొనవద్దనే వర్తకుణ్ణి వాళ్ళు పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"ఎందుకు వద్దు?" అంది కనకాంబ.

"అది ఏం చెయ్యలేదో ముందు వినండి. మరకను ఆపలేదు, ఆలస్యం చేస్తుందంతే. కలకాలం ఉండదు, ఆర్నెల్లకోసారి మళ్ళీ రాయాలి. తుడవడం మాన్పించదు. ఇవన్నీ విన్నాక కూడా నా మాట నమ్మకండి. మీ నీళ్ళతో, మీ కళ్ళముందే పరీక్షించండి."

ఆయన మూడు చిన్న గాజు ముక్కలు తెచ్చి, జల్లు పడే చోట తాళ్ళతో వేలాడదీశాడు. మొదటిదానికి పూత పూశాడు గానీ దాన్ని తుడవవద్దన్నాడు. రెండోదానికి పూత లేదు, రోజూ తుడవమన్నాడు. మూడోదానికి పూతా ఉంది, తుడవడమూ ఉంది. ఆ పని నూకాలుకే అప్పగించారు.

ఇరవయ్యో రోజున రాణి స్వయంగా వచ్చింది. మొదటి ముక్క సున్నపు బిళ్ళలా తెల్లబడింది. రెండోది తళతళలాడుతోంది. మూడోదీ అంతే.

"పూత లేకపోయినా గాజు శుభ్రంగానే ఉంది!" అంది రాణి ఆశ్చర్యంగా. "మరి నీ పూత ఎందుకు పనికొస్తుంది బసవలింగం?"

"ఆ మాట నన్నడగవద్దు మహారాణీ. తుడిచిన చేతిని అడగండి," అన్నాడాయన.

అందరూ నూకాలు వైపు తిరిగారు. ఆమె బెదిరిపోతూనే చెప్పింది: "పూత లేనిదాన్ని గట్టిగా రుద్దాలమ్మా. పూత ఉన్నదైతే గుడ్డ ఇలా వేసి ఒక్కసారి లాగితే చాలు. నాకు రెండేళ్ళుగా కుడి భుజం నొప్పి, ఈ మధ్య చెయ్యి పైకే లేవడం లేదు. అందుకే పలకల పైఅంచు అందేది కాదు."

రెండేళ్ళు! శ్రద్ధ తగ్గిందని తాను తిట్టిన రోజు కనకాంబకు గుర్తొచ్చింది. "ఎందుకు చెప్పలేదే?" అంది.

"మీరు అడగలేదమ్మా. పని పోతుందని నేనూ భయపడ్డాను."

కనకాంబ నూకాలు భుజం మీద చెయ్యి వేసింది.

"కనకాంబా, నీ తీర్పు చెప్పు. పూత కొనాలా, వద్దా?" అంది రాణి.

"గాజు శుభ్రంగా ఉండాలంటే రోజూ తుడిచే గుడ్డ చాలు దేవీ. పూత పూసి తుడవడం మానేస్తే అది దండగ. కానీ తుడిచే మనిషికి శ్రమ తగ్గించాలంటే కొనవచ్చు. ఆర్నెల్లకు సరిపడా చిన్న సీసా కొంటాను. అవి గడిచాక నూకాలును అడిగి, కావాలంటేనే మళ్ళీ కొంటాను. పైఅంచుకు చెయ్యి ఎత్తనక్కర్లేకుండా గుడ్డకు ఒక పొడవాటి కర్ర పిడి కూడా చేయిస్తాను."

రాణి చాలా రోజుల తర్వాత నవ్వింది. "తాళాలు నీ దగ్గరే ఉంచుకో," అంది.

మసకబారిన పలకను మాత్రం ఎవరూ బాగుచేయలేకపోయారు. రాణి దాన్ని అక్కడే ఉంచింది. కనకాంబ ఆ తర్వాత ఏ వర్తకుడు వచ్చినా కూజా వైపు చూడడానికి ముందే, "ఇది ఏం చెయ్యలేదో చెప్పు," అని అడిగేది. చాలామంది సరుకు సర్దుకుని వెళ్ళిపోయేవారు. జవాబు చెప్పినవాళ్ళు ఏటేటా వచ్చేవారు.

కాబట్టి పిల్లలూ, ఏ వస్తువునైనా కొనేముందు దాని గొప్పతో పాటు దాని లోటు కూడా అడగండి; లోటు దాచకుండా చెప్పినవాడి దగ్గరే కొనండి.