పైపు చాటున గప్పీ

సిలారు పెంచుతున్న చేపలు ఒక్కొక్కటే చచ్చిపోతున్నాయి. మూడు ఆడచేపల్లో రెండు పోయాయి. ఆ మిగిలిన ఒక్కటీ పోతే మాబున్ని అనే పిల్ల ఇక అన్నం ముట్టదు. అదీ అతని బెంగ.

సోనగుట్ట మీద దర్గా. గుట్ట దిగితే సముద్రం. పొద్దునపూట మంచూ సాంబ్రాణి పొగా కలిసిపోయి ఏది ఏదో తెలీదక్కడ. మనసు చెదిరినవాళ్ళు వచ్చి కూర్చోవడానికి పడమటి వైపు ఒక గది ఉంది. అందులో పెద్ద అద్దాల తొట్టి. మధ్యాహ్నం ఎండ ఆ నీళ్ళలోంచి దూరి గోడలమీద పడితే గోడలు మెల్లగా ఊగుతాయి. కూర్చున్నవాళ్ళకి తామూ నీళ్ళ అడుగునే ఉన్నామనిపిస్తుంది.

"మంత్రాలకు చింతకాయలు రాలవు. కాసేపు నీళ్ళు చూడనీండి," అంటాడు దస్తగిరి తాత. ఆయనే అక్కడి గురువు. తాయెత్తు అడిగినవాడికి కూడా ముందు ఆ గదిలో చాప వేయిస్తాడు.

తొట్టి బాధ్యత సిలారుది. పదేళ్ళుగా తాత దగ్గరున్న శిష్యుడు. మంచివాడే, కాదనం. కానీ తనకి తెలియనిది లేదనుకునే రకం. దారం కట్టి మొక్కుకుంటే పెళ్ళి కుదురుతుందని ఆ దర్గాకి పేరు. ఆ దారాలు కట్టేది సిలారే. ఎవరికి ఎవరు సరిజోడో చూపుతోనే చెప్పేస్తానంటాడు.

మొదట్లో అందం చూసి చేపలు తెచ్చాడు. ఎర్రగా నిగనిగలాడే, సాటి మగదాన్ని చూస్తే కొట్లాటకి దిగే ఫైటరు చేప ఒకటి, నెమలి పింఛమంత తోకున్న మగ గప్పీ ఒకటి. ఒక ఒరలో రెండు కత్తులు ఇముడుతాయా? తెల్లారేసరికి గప్పీ తోక పీలికలై చచ్చి తేలింది. ఆ తోక చూసి అది కూడా తనలాంటి ఫైటరే అనుకుంది పాపం ఆ ఎర్రది. సిలారు దాన్ని తీసి సీసాలో ఒంటరిగా పెట్టి, మళ్ళీ చేపల కొట్టుకి పోయాడు.

"ఈసారి అన్నీ గప్పీలే ఇవ్వు. మూడు మగ, మూడు ఆడ."

"అట్లా వద్దు సిలారన్నా," అన్నాడు కొట్టాయన. "ఒక్కో మగదానికి మూడేసి ఆడవి పట్టుకపో. లేదంటే మగవి ఆడవాటిని బతకనీవు."

సిలారు చెవులు మూసుకున్నాడు. "ఛీ ఛీ, ఏం మాటలయ్యా అవి! ముగ్గురేసి పెళ్ళాలా? నూరు పెళ్ళిళ్ళు కుదిర్చిన దర్గా మాది. ఒకరికి ఒకరు, అంతే. జంటగా ఉంటేనే ఇల్లు."

మూడు జంటలు తెచ్చి తొట్టిలో వదిలాడు. వదిలేటప్పుడు లోపల్లోపల దీవించాడు కూడా.

అదే వారం మాబున్ని వచ్చింది. ఇరవై రెండేళ్ళుంటాయి. తల్లి పోయిన రోజు నుంచి నోట మాట లేదు. అన్నగారు తీసుకొచ్చి తాత చేతిలో పెట్టి వెళ్ళాడు. తాత ఆమెను సిలారుకి అప్పగించాడు.

"ఉరుసు లోపల మాట్లాడిస్తా చూడండి," అన్నాడు సిలారు అందరిముందూ.

ఆమె ఎవర్నీ చూడదు. చూసేది ఒక్క ఆ తొట్టినే, అందులోనూ ఒక్క చేపనే. రంగూ రూపూ లేని బూడిదరంగు ఆడ గప్పీ, తోక కొసన మాత్రం కాస్త పసుపు. అది కనిపిస్తే ఆమె పళ్ళెం దగ్గరికి లాక్కుంటుంది. కనిపించకపోతే ముద్ద చేతిలోనే ఎండిపోతుంది.

ఇప్పుడది కనిపించడం లేదు. మగచేపలు మూడూ రంగుల తోకలు విప్పుకుని పొద్దస్తమానం దాని వెంటే. తిండికి పైకొస్తే వెంట, అడుక్కి పోతే వెంట. అది తప్పించుకుని గాలి పైపు వెనక సందులో దూరి కూర్చుంది. రెండు రోజులుగా బయటికి రాలేదు. మాబున్ని కూడా రెండు రోజులుగా గుక్కెడు పాలు తప్ప ఏమీ ముట్టలేదు.

సిలారు ఆమె ఎదురుగా కూర్చుని గడ్డం పట్టుకు బతిమాలాడు. "తినమ్మా. పోనీ ఒక్క మాట మాట్లాడు తల్లీ. అన్నా అను. నీళ్ళు అను. నీ మంచికే కదా!"

రోజుకి పదిసార్లు అదే పాట. ఆమె మోకాళ్ళలో తల దాచుకునేది.

సాయంత్రం సిలారు తాత కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "ఏం తక్కువ చేశాను తాతా? జంటలు కలిపాను. మేత వేస్తున్నాను. ఆ మగవైనా కొరకడం లేదు, పొడవడం లేదు. ప్రేమ కొద్దీ తిరుగుతున్నాయి. దానికేం పొయ్యేకాలం, ఆ మూలన చేరి చస్తోంది? ఈ పిల్లేమో నోరు విప్పదు!"

కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పాపం, పరువుకోసం మొదలైనా ఆ పిల్లమీద నిజంగానే ప్రాణం పెట్టుకున్నాడు.

తాత నెమలీకల కట్ట పక్కన పెట్టి, దర్గాలో పనిచేసే ఖాజావలినీ మీరయ్యనీ వంట చేసే జిందాసానీ పిలిచి చెవిలో ఏదో చెప్పాడు. సిలారుతో మాత్రం, "పోయి పడుకో అబ్బయ్యా," అన్నాడు.

పొద్దున్నే సిలారు కళ్ళు తెరిచేసరికి ముగ్గురూ మంచం చుట్టూ నిలబడి ఉన్నారు.

"లేచావా అన్నా? నీళ్ళు తోడిపెట్టా."

"తువ్వాలు ఇదిగో అన్నా."

"రాత్రి నిద్ర పట్టిందా అన్నా? కళ్ళు ఎర్రగున్నాయే?"

సిలారుకి భలే సంతోషమేసింది. ఇన్నాళ్ళకి నా విలువ తెలిసిందన్నమాట అనుకున్నాడు. మొహం కడుక్కుంటుంటే ఒకడు చెంబు పట్టాడు, ఒకడు వీపు రుద్దాడు. టీ తాగబోతే మూడు గ్లాసులు ముందుకొచ్చాయి. సాంబ్రాణి వేస్తుంటే ముగ్గురూ విసనకర్రలతో విసిరారు. మెట్లు దిగితే దిగారు, ఎక్కితే ఎక్కారు.

"కాస్త నన్ను వదలండబ్బా," అన్నాడు పది గంటలకి.

"ఎట్లా వదుల్తామన్నా? నీమీద ప్రేమ," అన్నాడు మీరయ్య.

అన్నానికి కూర్చుంటే ఒకడు కలిపాడు, ఒకడు విసిరాడు, జిందాసా నోటికందించాడు. సిలారుకి ముద్ద దిగలేదు. సముద్రం వైపు పోయి కాసేపు ఒంటరిగా కూర్చుందామంటే మూడు నీడలు ముందే అక్కడ పరుచుకున్నాయి. ఎదురుగా అలలు కూడా తనకోసమే తోసుకొస్తున్నట్టు తోచింది. తిట్టాలంటే నోరు రాదు, వాళ్ళు చేసిన తప్పేముంది గనక?

ఎండ వాలే వేళకి ముగ్గురూ వెతుకుతున్నారు. "అన్నా! సిలారన్నా!"

సిలారు సామాన్ల గదిలో, బియ్యం బస్తాలకీ గోడకీ మధ్య సందులో మోకాళ్ళు ముడుచుకుని ఊపిరి బిగపట్టి కూర్చున్నాడు. బస్తాల మీంచి ఒక ముసలి మొహం తొంగి చూసింది.

"తిట్టారా నిన్ను?" అని అడిగాడు తాత.

"లేదు తాతా."

"కొట్టారా?"

"లేదు. చాలా బాగా చూసుకున్నారు."

"మరి ఇక్కడెందుకున్నావు అబ్బయ్యా?"

సిలారు తల వంచాడు. తన ముడుచుకున్న మోకాళ్ళు చూసుకున్నాడు. చానాసేపు చూసుకున్నాడు.

తాత చేతిలోని చిన్న వలగరిటె బస్తామీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రమే సిలారు ఆ వలతో మగచేపలు మూడింటినీ పట్టి వేరే కుండలోకి మార్చాడు. మర్నాడు కొట్టాయన ముందు తలొంచుకుని నిలబడ్డాడు. ఆయన నవ్వాడు. ఎనిమిది ఆడ గప్పీలూ గుప్పెడు నీటిమొక్కలూ మూటగట్టి ఇచ్చాడు. మొక్కలు నాటి, ఆడవాటిని ముందు వదిలి, అవి చోటు చూసుకున్నాక ఒకరోజాగి మగవాటిని వదిలాడు సిలారు. మగవి తోకలు విప్పాయి. ఇటు తిరిగాయి, అటు తిరిగాయి. ఏ ఒక్కదాని వెంటా నిలకడగా పడలేకపోయాయి.

మధ్యాహ్నం మాబున్నికి పళ్ళెం తీసుకెళ్ళాడు. ఆమె అలవాటుగా తల మోకాళ్ళలోకి దించుకుంది. సిలారు గుండె చివుక్కుమంది. తాత చూపించింది చేపల సంగతే అనుకున్నాను గదా, అనుకున్నాడు.

పళ్ళెం పెట్టాడు. ఏమీ అనలేదు. దూరంగా గోడవైపు తిరిగి కూర్చుని చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరసాగాడు.

ఒకరోజు అట్లా గడిచింది. ఇంకోరోజు గడిచింది. ఉరుసుకి పందిరి వేయడం మొదలెట్టారు. మాట్లాడించావా అని ఎవరో అడిగితే, లేదన్నాడు.

మూడోరోజు ఎండ నీళ్ళలోంచి వచ్చి అతని ముందున్న గోడమీద ఊగుతోంది. ఆకుల నీడలు, వాటి మధ్య చిన్న చిన్న చేపల నీడలు. బియ్యం గింజలు కూడా ఈదుతున్నట్టే ఉన్నాయి. ఎక్కడో దూరాన ఎవరో డప్పు బిగిస్తున్న చప్పుడు. కళ్ళు మూతలు పడబోతున్నాయి అతనికి.

వెనక పళ్ళెం జరిగింది.

తర్వాత, వాడక బొంగురుపోయిన గొంతు ఒకటి, తనలో తాను చెప్పుకున్నట్టు వినిపించింది.

"బయటికొచ్చింది."

సిలారు వేళ్ళు బియ్యంలో ఆగిపోయాయి. గొంతు దాకా వంద మాటలు తన్నుకొచ్చాయి. లేచి గెంతాలనిపించింది, తాతని కేకేయాలనిపించింది. తల ఎత్తితే పక్కనున్న గుమ్మంలో తాతే ఉన్నాడు, తలుపుకానుకుని అతన్నే చూస్తూ.

సిలారు వెనక్కి తిరగలేదు. చేట ఒళ్ళోకి లాక్కుని, ఇంకో రాయి ఏరాడు.