తొమ్మిదో గడి

అండాళు మేడం దగ్గర ప్రోగ్రాములు నేర్చుకునేవాళ్లకు ఒక కష్టం ఉండేది. ప్రశ్న వేస్తే ఆవిడ జవాబు చెప్పదు, పని చెబుతుంది. ప్రోగ్రాము బయటికి పంపిన ప్రతి అక్షరాన్నీ కూర్చుని చదవమంటుంది. మాలో నిశాంత్ చురుకైనవాడు, నోరు ఇంకా చురుకు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"మేడం, ప్రోగ్రాముల ఉన్న వివరాలను అక్షరాలు చేసి పంపనీకి ఒక్క లైను చాలు. అవతల ఇంకో లైను రాస్తే మళ్ల విప్పుకుంటది. గీ దానికి వారం రోజుల పాఠం దేనికి?"

"రేపు దవాఖానకు పోదాం, రా," అన్నదావిడ.

నిశాంత్ రాసిన ప్రోగ్రామును ఆ పెద్ద దవాఖానలో అప్పుడే కొత్తగా పెట్టారు. చుట్టుపక్కల ఊళ్లలోని డాక్టర్లు రోగి వివరాలను తొమ్మిది గడుల్లో నింపుతారు. అవి అక్షరాలుగా మారి రోగి కంటే ముందే ఇక్కడికి చేరతాయి. మేము వెళ్లిన పొద్దున సమ్మయ్య అనే రైతును తెచ్చారు. కాలికి చీము పట్టింది, జ్వరంతో ఒళ్లు పేలిపోతున్నది, స్పృహ లేదు. తెర మీద 'పడని మందులు: లేవు' అని ఉంది. నర్సు సూదిలోకి పెన్సిలిన్ లాగుతున్నది.

మేడం మాత్రం నిశాంత్ ల్యాప్‌టాప్‌లో, ఊరి నుంచి వచ్చిన అక్షరాలను వేలు పెట్టి చదువుతున్నది. అక్కడ మనిషి ప్రాణం పోతుంటే ఈవిడ చాదస్తం ఈవిడదేనని నాకు ఒళ్లు మండింది.

"ఎనిమిదే ఉన్నయేందిరా? తొమ్మిదోది, పడని మందుల గడి, ఏది?"

"అక్కడి డాక్టరు నింపలేదేమో మేడం. నింపని గడిని నేను రాసిన ఆ ఒక్క లైను పంపదు, వదిలేస్తది."

"మరి ఇక్కడ 'లేవు' అని రాసిందెవరు?"

వాడి మొహంలో కత్తివాటుకు నెత్తురు చుక్క లేదు. "గడి రాకుంటే 'లేవు' అని చూపించమని... నేనే రాసిన."

ఆవిడకు అరవై ఏళ్లు. మంచం దాకా పరుగెత్తింది. "ఆపు బిడ్డా, ఆ సూది ఇయ్యకు!"

నర్సు చెయ్యి ఆగింది. ఎవరు మీరంటూ డాక్టరు కసిరాడు. మేడం పట్టించుకోకుండా, తలుపు బయట కూలబడ్డ సమ్మయ్య భార్యను చెయ్యి పట్టి లోపలికి తెచ్చింది.

"చెల్లె, నీ పెనిమిటికి ఏదన్న మందు పడదా?"

"పోయినేడు పెన్సిలిన్ సూది ఏసిండ్రక్కా. గొంతు వాసి ఊపిరాడలే, సచ్చి బతికిండు. చీటీ గూడ రాసిచ్చిండ్రు." ఆమె కొంగుముడి విప్పింది.

"ఊళ్లె అడగలేదా నిన్ను?"

"ఎవలడిగిండ్రు? అందరు ఉరుకుడే!"

డాక్టరు చీటీ చదివాడు. నర్సు చేతిలోని సూది వైపు చూశాడు. వేరే మందు తెమ్మన్నాడు. నర్సు ఆ సూదిని పళ్లెంలో పడేసి ఆ మందు కోసం వెళ్లింది.

మధ్యాహ్నానికి సమ్మయ్య కళ్లు తెరిచి నీళ్లడిగాడు. నిశాంత్ మాత్రం మెట్ల మీద తల పట్టుకుని కూర్చున్నాడు. వాణ్ణి ఆటపట్టించడానికి నాకు నోరు రాలేదు. ఆ ప్రోగ్రాము నాకిచ్చినా అలాగే రాసేవాణ్ణి.

"నేను అబద్ధం పంపలేదు మేడం," అన్నాడు చివరికి. "ఆ గడిల ఏం లేదు. నేను ఏం పంపలే."

మేడం వాడి పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"నువ్వేం పంపలే బిడ్డా. ఇక్కడికి మాత్రం 'లేవు' అని ముట్టింది."